మిర్యాలగూడ నుంచి ట్రౌట్ వేటకు: గైడు ఎంపిక, ఇంటి దగ్గర సాధన, నీటి దగ్గర జాగ్రత్త

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవారికి కూడా అర్థం కావాలి. మీది మిర్యాలగూడ. చిన్నప్పటి నుంచి సాగర్ ఎడమ కాలువ మీద, ఊరి చెరువుల్లో గాలం వేసిన అలవాటు ఉంది. మే నెలలో ఇద్దరు మిత్రులతో, అరవై ఒక్క ఏళ్ల నాన్నగారితో హిమాచల్ వెళ్లి, గైడును పెట్టుకుని నాలుగు రోజులు కొండ నదిలో ట్రౌట్ అనే చల్లటి నీటి చేప కోసం ఫ్లై ఫిషింగ్ చేయాలనుకుంటున్నారు. ఫ్లై అంటే పురుగులా కనిపించేలా ఈక, నూలు చుట్టిన చిన్న కొక్కెం. ఒక మిత్రుడికి ఈత రాదు. నాన్నగారు కాలువ మీద లష్కరుగా, అంటే గట్టు, నీళ్లు చూసుకునే మనిషిగా చేసి పదవీ విరమణ చేశారు, మోకాళ్ల నొప్పులున్నాయి. గైడును ఎలా నమ్మాలి, సామాను కొనాలా, మే నెల మంచిదేనా అని అడిగారు. అంత దూరం పోకుండా సాగర్‌లోనే ట్రౌట్ పిల్లలను వదిలితే పెరగవా అని కూడా అడిగారు.

నేను నీటిపారుదల శాఖలో పనిచేశాను. హాలియా, పెద్దవూర వైపు కాలువ గట్ల మీదే ఉద్యోగమంతా గడిచింది. 2011 నుంచి ఇప్పటికి ఏడుసార్లు హిమాచల్ వెళ్లాను, ఒకసారి కాశ్మీర్ వెళ్లాను. కాబట్టి విన్నవి కాకుండా చేసి చూసినవే చెబుతాను.

చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. సాగర్‌లో ట్రౌట్ బతకదు. దానికి 10 నుంచి 16 డిగ్రీల మధ్య చల్లని నీరు కావాలి. 20 దాటితే మేత మానేస్తుంది, 25 దగ్గరికి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. మన చెరువులో ఏప్రిల్ మధ్యాహ్నం చేయి పెట్టి చూడండి, స్నానానికి కాచిన నీళ్లలా ఉంటుంది. పైగా ట్రౌట్ గుడ్లు పొదగాలంటే చల్లటి నీరు గులకరాళ్ల సందుల్లోంచి ఆగకుండా పారుతూ ఉండాలి. బొచ్చె, రవ్వ, కొర్రమీను మన నీళ్ల బిడ్డలు. ట్రౌట్ మన దేశపు చేపే కాదు. ఇంగ్లీషు వాళ్లు తెచ్చి వదిలారు. 1863లో నీలగిరుల్లో ఫ్రాన్సిస్ డే ప్రయత్నించి విఫలమయ్యాడు. 1900లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన గుడ్లు కాశ్మీర్‌లో నిలదొక్కుకున్నాయి. అక్కడి నుంచి 1909లో హిమాచల్‌లోని కులూ లోయకు చేరాయి. ఈ రోజు అక్కడి తీర్థన్ నదిలో మీ గాలానికి తగిలే గోధుమరంగు ట్రౌట్ ఆ వంశానిదే.

ఇప్పుడు అసలు విషయం. గైడు అంటే మీ చేత చేపను పట్టించే మనిషి అనుకుని వెళితే డబ్బు వృథా. ఆ నీటిని మీకు చదివి చూపించే మనిషి గైడు. ఈ తేడా నాకు మొదటి ప్రయాణంలోనే తెలిసింది. ఢిల్లీ నుంచి ఏర్పాట్లు చేసిన ఒకతను మమ్మల్ని నది ఒడ్డుకని చెప్పి ఒక చేపల పెంపకం చెరువు దగ్గరికి తీసుకెళ్లాడు. సిమెంటు తొట్టిలాంటి గుంటలో మేతకు అలవాటుపడిన ఇంద్రధనుస్సు ట్రౌట్లు. గాలం పడగానే అందుకున్నాయి. గంటలో పదకొండు. మాతో వచ్చినవాళ్లు సంబరపడ్డారు. నాకు మాత్రం మన చేపల మార్కెట్లో తొట్టిలోంచి తీసిచ్చినట్టే అనిపించింది. మరుసటి రోజు ఆ ఊరి కుర్రవాడొకడు నన్ను నది పైకి నడిపించాడు. రాడ్ (గాలం కర్ర) తీయనివ్వలేదు. ముందు నీళ్లలో చేయి పెట్టి పిడికిలంత రాయి ఒకటి తీసి తలకిందులు చేసి నా అరచేతిలో పెట్టాడు.

ఆ రాయి అడుగు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పల్చటి జిగురులో మూడు తోకలున్న చిన్న పురుగులు, బియ్యపు గింజ కంటే సన్నవి, పక్కకు పాకుతున్నాయి. ఇంకోవైపు ఇసుక రేణువులను అతికించుకుని గొట్టంలా గూడు కట్టుకున్న పురుగులు. ‘ఈ రోజు చేప తినేది ఇదే’ అన్నాడు. తర్వాత తన డబ్బా తెరిచి అదే రంగులో, అదే పొడవులో, తలకు చిన్న ఇత్తడి పూస ఉన్న ఫ్లైని తీసి కట్టాడు. ఆ రోజు నాకు దక్కింది రెండే చేపలు. కానీ ఆ రెంటినీ ఎందుకు పట్టగలిగానో తెలిసింది.

కాబట్టి గైడుతో ఫోనులో మాట్లాడేటప్పుడు రోజుకు ఎన్ని చేపలు పడతాయి అని అడగవద్దు. ఎన్ని పడతాయో హామీ ఇచ్చేవాడు చెరువు దగ్గరికే తీసుకెళతాడు. పారే నదిలోనా, పెంపకం చెరువులోనా అని సూటిగా అడగండి. మత్స్యశాఖ పర్మిట్ ఎవరి పేరు మీద, ఎన్ని రోజులకు తీసుకుంటారో అడగండి. పర్మిట్ మీ పేరుతో ఉండాలి, కాగితం మీ జేబులో ఉండాలి. ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఎంత పొడవుకు తక్కువైతే వదిలేయాలి అనేవి ఆ పర్మిట్‌తో వచ్చే నిబంధనల్లో ఉంటాయి, చదవండి. ఒక గైడు ఎంతమందిని చూస్తాడో అడగండి. నేర్చుకునేవాళ్లయితే ఇద్దరికి ఒకరు ఉండాలి, ముగ్గురంటే ఒకరు ఎప్పుడూ ఒంటరిగా నిలబడి ఉంటారు. మీకు ఈత రాని మిత్రుడున్నాడు కాబట్టి, ఇంకో మనిషికి అదనంగా డబ్బు పెట్టడానికి వెనకాడవద్దు.

ఇంకొక్క ప్రశ్న, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది: ‘నీళ్లు బురదగా వస్తే ఏం చేస్తారు?’ ఏం కాదు, బరువైన ఫ్లై కట్టి వేద్దాం అంటే ఆ మనిషిని వదిలేయండి. ఆ రోజు నది దగ్గరికి వెళ్లం, పైన ఉన్న ఉపనది స్పష్టంగా ఉంటే అక్కడికి వెళదాం, లేదంటే గడ్డి మీద గాలం విసరడం నేర్పుతాను అంటే అతన్నే ఖాయం చేసుకోండి. మంచి గైడు మీతో ఉన్నప్పుడు తాను గాలం వేయడు. అతని కళ్లు నీటి మీద, మీ కాళ్ల మీద ఉంటాయి.

ధర అడిగారు. అంకె చెప్పను, సీజన్‌ను బట్టి, మనిషిని బట్టి మారుతుంది. ఏమేమి కలిసి ఉన్నాయో మాత్రం ముందే తేల్చుకోండి: పర్మిట్ ఫీజు, రాడ్ అద్దె, ఫ్లైలు, మధ్యాహ్న భోజనం, జీపు, రాడ్ విరిగితే ఎవరు భరించాలి అనేది. ఇవి ముందు మాట్లాడుకోకపోతే చివరి రోజు మాట తేడాలొస్తాయి.

మే నెల సంగతి. హిమాచల్‌లో ట్రౌట్ నీళ్లను నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా మూసేస్తారు, చేప గుడ్లు పెట్టే కాలం అది. మార్చి నుంచి తెరుస్తారు. జూలై, ఆగస్టు వానలకు నదులు ఎర్రగా పొంగుతాయి, ఆ నెలలు వద్దు. 2023 జూలైలో బియాస్ నది వరద రోడ్లను ఎలా కోసుకుపోయిందో మీరూ చూసే ఉంటారు. నా అనుభవంలో మార్చి చివర నుంచి ఏప్రిల్, మళ్లీ సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు అన్నిటికంటే మంచివి. మే కూడా ఫరవాలేదు, పిల్లల సెలవులు, ఆఫీసు సెలవులు కలిసొస్తాయి. కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి. మేలో ఎండ పెరిగేకొద్దీ పైన మంచు కరిగి, మధ్యాహ్నానికి నీటిమట్టం పెరుగుతుంది, రంగు మారుతుంది. ఉదయం తేటగా ఉంటుంది. కాబట్టి తెల్లవారగానే నది దగ్గర ఉండి, పదకొండుకల్లా ఒక విడత ముగించుకోవడం మంచిది.

చోటు విషయంలో మొదటిసారికి తీర్థన్ లోయ అని గట్టిగా చెబుతాను. నల్గొండ జిల్లా వాళ్లకు దారి తేలికే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడ సాయంత్రం మనాలీ బస్సు ఎక్కితే మరుసటి ఉదయం ఔట్ అనే ఊళ్లో సొరంగానికి ముందు దిగాలి. ‘ఔట్ సొరంగం దగ్గర’ అని కండక్టరుకు ముందే చెప్పి ఉంచండి, నిద్రలో దాటిపోతే కులూలో లేస్తారు. ఔట్ నుంచి లార్జి మీదుగా బంజార్, ఆపైన గుశైని. తీర్థన్ గ్రేట్ హిమాలయన్ జాతీయవనం నుంచి దిగి, లార్జి దగ్గర బియాస్‌లో కలుస్తుంది. ఆ వనాన్ని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నది వెడల్పు మన మేజరు కాలువంత ఉంటుంది, ఒడ్డు నుంచే చాలా చోట్ల గాలం వేయవచ్చు. బరోట్ దగ్గర ఊల్ నది కూడా బాగుంటుంది. కాశ్మీర్‌లో లిద్దర్, బ్రింగి నదులు గొప్పవి. అక్కడ నదిని ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కను బీట్ అంటారు, ఒక్కో బీట్‌కు విడిగా అనుమతి ఇస్తారు. అది రెండో ప్రయాణానికి ఉంచుకోండి.

సామాను కొనవద్దు, మొదటిసారి గైడు దగ్గరే అద్దెకు తీసుకోండి అని చాలామంది చెబుతారు. నా మాట వేరు. ముగ్గురూ కలిసి ఒక్కటైనా కొనండి, ఇప్పుడే కొనండి. తొమ్మిదడుగుల రాడ్, అయిదో నంబరు, దానికి తగిన లైను (దారం). చేప కోసం కాదు, ఇంటి దగ్గర సాధన కోసం. ఎందుకంటే ఫ్లై విసరడం మన గాలం విసరడం లాంటిది కాదు. మన గాలానికి సీసం గుండు ఉంటుంది, ఆ బరువు దారాన్ని లాక్కెళుతుంది. ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువు లేదు, కొక్కేనికి చుట్టిన ఈకా నూలే. ఇక్కడ బరువు లావుపాటి లైనులో ఉంటుంది, లైనే ఫ్లైని మోసుకెళుతుంది. అందుకని రాడ్‌ను వెనక్కి తీసినప్పుడు ఆ లైను వెనక గాలిలో పూర్తిగా సాగేదాకా ఆగాలి. ఆ క్షణం ఆగడమే మొత్తం విద్య. చర్నాకోల ఝళిపించినట్టు వెనక నుంచి చప్పుడొచ్చిందంటే తొందరపడ్డారని అర్థం. కొండల్లో ఆ చప్పుడుతో పాటు ఫ్లై తెగి చెట్టు మీద ఉంటుంది.

వరి కోతలయ్యాక కల్లం ఖాళీగా ఉంటుంది కదా, అక్కడికి వెళ్లండి. మడిలో కొయ్యకాళ్లు లైనును చీరేస్తాయి, కల్లమే మంచిది. కొక్కెం బదులు ఎర్ర ఉన్ని ముక్క కట్టండి. పాతిక అడుగుల దూరంలో చేట పెట్టండి. ఉన్ని చేటలో పడాలి, అదీ పువ్వు రాలినట్టు పడాలి. రోజుకు ఇరవై నిమిషాలు, నెల రోజులు. మణికట్టు వంచకుండా ఉండటానికి రాడ్ పిడి కింది కొసను చొక్కా చేతి మడతలో దోపుకోండి, నాకు అలాగే వంట పట్టింది. నెల రోజులు ఇలా చేసి వెళ్లినవాళ్లకు గైడు మొదటి గంట నుంచే నీటి గురించి చెప్పడం మొదలుపెడతాడు. చేయనివాళ్లకు నాలుగు రోజుల్లో రెండు రోజులు లైను చిక్కులు తీయడంతోనే సరిపోతుంది. నేను తీసుకెళ్లిన బృందాల్లో ప్రతిసారీ ఇదే చూశాను.

చేటలో పడటం వచ్చాక చెరువుకు వెళ్లండి. చిన్న పరిగెలు, తిలాపియాలు ఫ్లైని చక్కగా అందుకుంటాయి. కాకపోతే చెరువు మీద హక్కు మత్స్యకారుల సంఘానిది. వాళ్లు చేపపిల్లలు వదిలి పెంచుకుంటారు. ముందు సంఘం పెద్దను కలిసి అడగండి, పట్టిన చేపను వాళ్లకే చూపించి వదిలేయండి. సాగర్ వెనుక జలాల్లో అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు ఒడ్డుకు మాత్రం అనుమతి లేకుండా వెళ్లవద్దు.

అక్కడ నది దగ్గర ఇంకో అలవాటు మార్చుకోవాలి. మనం బెండు మునిగేదాకా కూర్చుంటాం. ట్రౌట్ దగ్గర మనమే వెతుక్కుంటూ వెళ్లాలి. అది ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, పెద్ద రాయి వెనుకనో ముందునో నీటి వేగం తగ్గే చోట నిలబడి, తన దగ్గరికి కొట్టుకొచ్చే పురుగును అందుకుంటుంది. కాబట్టి దిగువ నుంచి ఎగువకు, దాని వెనుక నుంచి నడవాలి. ఫ్లై కూడా కాలువలో వదిలిన ఎండుటాకులా నీటి వేగంతోనే రావాలి. మధ్యలో ఉన్న వేగపు పాయ లైనును లాగితే ఫ్లై గీత గీస్తూ వస్తుంది, చేప చూసి తప్పుకుంటుంది. అప్పుడు రాడ్ కొసతో లైనును ఎగువకు ఎత్తి వేయాలి. దీన్ని గైడు చేత పదిసార్లయినా చేయించుకుని చూడండి.

చేప పడితే ముందు చేతులు తడుపుకోండి. పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి తర్వాత పుండ్లు పడతాయి. కొక్కేనికి వెనక్కి ఉండే ముల్లును ముందే పట్టుకారుతో నొక్కేస్తే తీయడం సులువు. నీళ్లలోనే ఉంచి చూడండి: పక్కల మీద ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత రంగు వలయం, వీపు మీద తోకకు కాస్త ముందు మెత్తటి చిన్న రెక్క. ఆ చిన్న రెక్క లేకపోతే అది ట్రౌట్ కాదు, అక్కడివాళ్లు అస్లా అనే స్థానిక చేప. దాన్ని ఇంకా జాగ్రత్తగా వదలాలి, ఆ నదికి అసలు వారసురాలు అదే. చేప ముఖం ప్రవాహం వైపు పెట్టి రెండు చేతుల మధ్య వదులుగా పట్టుకోండి. మొప్పలు ఆడి, తోక ఒక్కసారి విదిల్చి అదే వెళుతుంది. ఆ విదిలింపు అరచేతికి తెలుస్తుంది. తినాలనిపిస్తే లోయలో పెంపకం ట్రౌట్ అమ్ముతారు, కొనుక్కుని ఆవనూనెలో వేయించమనండి. పులుసుకు ఆ మెత్తటి మాంసం ఆగదు.

ఇక నేను ఏ బృందానికైనా ముందు చెప్పే మాట. 2014 జూన్ 8న లార్జి ఆనకట్టకు దిగువన, తలౌట్ దగ్గర బియాస్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు, వారితో ఉన్న టూర్ నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నది అడుగంటి ఉంది. పైన గేట్లు ఎత్తారు, నీళ్లు వచ్చాయి. జీవితమంతా గేట్ల దగ్గర పనిచేసినవాడిని, ఆ వార్త చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాలువలో నీళ్లు వదిలే ముందు లష్కరు గట్టు పొడుగునా సైకిలు మీద వెళ్లి, దిగిన పిల్లలను, బట్టలుతికే వాళ్లను పైకి పిలిచేవాడు. కొండ నదిలో అలా పిలిచేవారు ఉంటారని అనుకోకండి. మీరు ఔట్ నుంచి బంజార్‌కు వెళ్లే దారిలో ఆ ఆనకట్ట పక్కనుంచే వెళతారు.

తీర్థన్ మీద పెద్ద ఆనకట్ట లేదు, నేను దాన్నే చెప్పడానికి అదొక కారణం. కానీ పైన వాన పడితే అది కూడా ఒక్కసారిగా వస్తుంది, మీరున్న చోట ఎండ కాస్తూ ఉండవచ్చు. నదిలో అడుగుపెట్టే ముందు నీటి అంచున, సరిగ్గా తడీ పొడీ కలిసే చోట, తెల్ల రాయి ఒకటి పెట్టండి. పది నిమిషాలకోసారి చూడండి. రాయి మునిగితే చేప లైను మీద ఉన్నా సరే తెంపేసి ఒడ్డెక్కండి. నీళ్లలో ఆకులు, పుల్లలు కొత్తగా కొట్టుకొస్తున్నా, రంగు మారినా, శబ్దం బరువెక్కినా అంతే. ఈత రాని మిత్రుడిని మోకాలు దాటి దింపవద్దు, ఒడ్డు నుంచే వేయనివ్వండి. బియాస్, సైంజ్ నదుల్లో ఆనకట్టల దిగువన ఎవరు రమ్మన్నా దిగవద్దు. ఈ విషయంలో గైడు నవ్వితే ఆ రోజుకు రాడ్ మడిచేయండి.

నాన్నగారిని ఏం చేయాలి అని అడిగారు, మోకాళ్లతో ఆయనకు రాళ్ల మీద నడక కష్టమని. రోడ్డు పక్కనే నది పారే చోట్లు గుశైనికి ముందు చాలా ఉన్నాయి, అలాంటి చోటే ఎంచుకోమని గైడుకు చెప్పండి. మడత కుర్చీ ఒకటి, ఉన్ని శాలువా ఒకటి పట్టుకెళ్లండి, మేలోనూ తెల్లవారుజామున చలి కొరుకుతుంది. ఆ తెల్ల రాయిని ఆయన చేత పెట్టించండి. ఎక్కడ పెట్టాలో మీ కంటే, గైడు కంటే ఆయనకు బాగా తెలుసు. చేతికి ఒక విజిల్ ఇచ్చి, ఆయన ఊదితే మీరు ముగ్గురూ మారు మాట్లాడకుండా బయటికి వస్తామని వెళ్లేముందే ఆయనకు మాట ఇవ్వండి.